గోడమీది పటము, మహాలయపు పుస్తకము

మన నెల్లూరు సముద్రతీరమున ఏ పాత యింటి వసారాలోనికి పోయినను, దూలమునకు దిగువగా, కొంచెము ముందునకు వంగి వ్రేలాడుచున్న ఛాయాపటములు రెండో మూడో కనబడును. తలపాగాతో కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి యొకరు, ప్రక్కన నిలుచున్న స్త్రీ యొకతె, ముందు బిడ్డలు. ఆ పెద్దమనిషి యెవరని యడిగితిమేని యింటి యజమాని తడువుకొనక చెప్పును: "మా తాతగారి తండ్రి." ఆమె యెవరని యడిగిన, "ఆయన భార్య" అనును. ఆమె పేరేమని యడిగిన మాత్రము ఆయన తల గోకికొని వంటయింటి వైపు తిరిగి కేక వేయును. లోపలినుండి, "నన్నడిగిన నాకేమి తెలియును? ఆమె మీ యింటి మనిషి గదా!" అని బదులు వచ్చును.

ఇది పరిహాసమునకు చెప్పినది కాదు. మా యింట జరిగినదే యిది. ఆ కథనే నేడు మీకు విన్నవింపదలచితిని.

మాది మైపాడునకు ఉత్తరముగా, బకింగుహాము కాలువ గట్టున నున్న యొక చిన్న గ్రామము. మావారు తరతరములుగా కరణీకము చేసినవారు. ఊరిలో ఏ చేను ఎవ్వరిదో, ఏ బావి ఎప్పుడు త్రవ్విరో, ఎవరి సరిహద్దురాయి ఎచ్చటనున్నదో మా యింటి లెక్కలలో నుండెడిది. 1984లో కరణీకములు రద్దయిన పిదప ఆ కట్టలు తాలూకా కచ్చేరికి పోయినవి. మా యింట మిగిలినవి రెండే: గోడమీది పటమొకటి, మా తాతగారు స్వహస్తముతో వ్రాసికొన్న మహాలయపు పుస్తకమొకటి.

మహాలయపు పుస్తకమనగా నేమో మీలో చాలమందికి తెలియును. పితృపక్షమున తర్పణము విడుచునపుడు చెప్పవలసిన పేర్లును, గోత్రములును అందులో వ్రాసియుండును. తండ్రి, తాత, ముత్తాత, తల్లి, నాయనమ్మ, ముత్తవ్వ, పిమ్మట తల్లివైపువారు, ఆపైన సవతితల్లి, అన్నదమ్ములు, అత్తలు, మామలు, గురువు, స్నేహితుడు. చనిపోయినవారి పేర్లే యందు చేరును. ఇందొక చిత్రమున్నది. తర్పణమునకు మూడు తరములే లెక్క. మా తండ్రిగారు గతించిన దినమున ఆయన పేరు నా పుస్తకములో మొదటి వరుసను చేరెను. ఆ దినముననే, ఆయన ఏటేట తలచుకొనుచుండిన ముత్తాతగారి పేరు చివరి వరుసనుండి జారిపోయెను. నా తరువాత మా అబ్బాయి పేర్లు చదువునపుడు మరియొకటి జారిపోవును. ఒకరు వచ్చి చేరినపుడెల్ల ఒకరు లేచి వెళ్లిపోవుదురు.

మహాలయములు పెట్టు నలవాటు లేని యిండ్లలో ఈ పనికి వేరు మార్గములున్నవి. సంక్రాంతికి పెద్దలకు పెట్టుకొనుచు పేరుపేరున తలచువారున్నారు. రెడ్ల యిండ్లకును, కమ్మవారి యిండ్లకును పిచ్చుకుంట్లవారు వచ్చి, గోత్రములును వంశములును పాడి, ధాన్యము కొలిపించుకొని పోయెడివారు. ఆ పాడినవానికి రెండు మానికలు తక్కువ కొలిచి పంపిన యిల్లు, తన తాతల పేర్లు కొన్నిటిని వానితోపాటు గడప దాటించినట్లే. పల్లెకారుల యిండ్లలో ముసలమ్మల నోటనే యంతయు నుండును. కాగితముమీద నేమియు లేదని వారిని తక్కువగా చూడరాదు. కాగితమున్న మాయిల్లు ఏమి నిర్వాకము చేసినదో యిప్పుడు చెప్పెదను.

2004 డిసెంబరు 26 ఆదివారమునాడు ఉదయము సముద్రము పల్లెలలోనికి వచ్చినది గదా. ఊరివారందరు పిల్లలనెత్తికొని మెరకకు పరుగెత్తిరి. మా మేనత్తగారికప్పటికి ఎనుబదియేండ్లకు కొంచెమించుమించుగా నుండును. పుట్టింటనే యుండెడిది. ఆమెను చేయిపట్టుకొని తీసికొని రాబోగా, "ఆగరా" అని వెనుకకు తిరిగి, గోడమీది పటము దింపించి చంకను పెట్టుకొనెను. మహాలయపు పుస్తకమును కొంగున మూటగట్టెను. పెట్టెలోని వెండి గిన్నెల మాట ఆమెకు తోచనే లేదు.

ఆ సాయంకాలము మెరకమీది బడి వసారాలో కూర్చుండి చూడగా, పటము చట్రములోనికి తడి దిగియున్నది. అద్దమునకు అంటుకొనునేమోయని భయపడి వెనుక మేకులు పెరికి అట్టను తీసితిమి. పటము బాగుగనే యున్నది. దాని వెనుక నేనెన్నడును చూడని యొక పంక్తి యున్నది. మా ముత్తాతగారి కరణపు దస్తూరి, గొలుసుకట్టు వ్రాత: "శార్వరి సం. మాఘ బ. 10, చెన్నపట్టణము." అంతియే. పేర్లు లేవు. ఆయనకు తెలిసిన పేర్లు ఆయన వ్రాసికొననేల?

పాత కాగితములలో నిట్టి సంవత్సరనామము కనబడినపుడు కొంచెము నిదానింపవలెను. అరువదియేండ్లకొకసారి అదే పేరు తిరిగి వచ్చును. శార్వరి యనగా 1840-41 కావచ్చును, 1900-01 కావచ్చును, 1960-61 కావచ్చును. 1840 అనుటకు వీలులేదు. ఫ్రాన్సు దేశమున డాగెరు కనుగొన్న పద్ధతి లోకమునకు వెల్లడియైనది 1839లో. కాగితముమీద నచ్చయి అట్టకంటించిన యిట్టి పటములు ఆపైని చాలయేండ్లకుగాని రాలేదు. 1960 నాటికి మా ముత్తాతగారు లేరు. కనుక ఇది 1901 ఆరంభమాసములలో తీసినదని తేలినది. దస్తావేజులలోనైనచో పసలీ సంవత్సరమునకు 590 కలిపినను, శకసంవత్సరమునకు 78 కలిపినను ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. సంవత్సరనామమునకు మాత్రము చుట్టునున్న మనుష్యులను చూచి తీర్పు చెప్పవలెను.

లెక్క యింతవరకు వచ్చునప్పటికి నా గుండె జల్లుమనెను. ఏలయనగా, ఆ పటములో ముందు నిలుచున్న అయిదారేండ్ల బాలుడు మా తాతగారని మేమందరము చిన్ననాటినుండి నమ్మియుంటిమి. మా తాతగారి జాతకము మా యింటనున్నది. ఆయన పుట్టినది క్రోధి సంవత్సరమున, అనగా 1904-05లో. పటము తీయునాటికి ఆయన పుట్టనేలేదు. ఆ బాలుడెవరు? బాలుడు మా తాతగారు కానిచో, ఆ నిలుచున్న తల్లి మా ముత్తవ్వయేనా?

మా మేనత్త చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "మా నాయనమ్మ మెడలో నొక చిన్న బంగారు బిళ్ల యుండెడిది," అనెను. ఆ బిళ్లతో నాడుకొనుచు, ఇదేమని తాను పసితనమున నడిగెనట. "అది మా అక్క," అని ఆమె చెప్పెనట. తోడబుట్టిన అక్కయని మా మేనత్త అనుకొని యూరకుండెను. అది సవతమ్మ. మొదటి భార్య చనిపోయిన పిదప వచ్చిన రెండవ భార్య, ఆమె పేరిట మెడలో ధరించు బిళ్ల. మా నాయనమ్మ పండుగదినములలో ఈ పటమునకు తానెన్నడును దండ వేయలేదనియు, పిల్లలచేతనే వేయించుచుండెడిదనియు మా మేనత్తకప్పుడు జ్ఞాపకము వచ్చెను. అటుపిమ్మట కొంగుమూట విప్పి పుస్తకము తెఱచితిమి. తాతగారి వ్రాతలో "సాపత్నమాత" అను మాటయెదుట ఒక పేరు స్పష్టముగా నున్నది. నేనా పుటను ఎన్నిమారులో త్రిప్పితిని. అది ఆచారమునకు వ్రాసినదనుకొంటినేగాని, ఆ పేరునకొక ముఖముండుననియు, ఆ ముఖము మా గోడమీదనే యున్నదనియు తలపలేదు.

శ్రోతలారా, నూరేండ్లు మేము ముత్తవ్వయని మ్రొక్కినది ముత్తవ్వకు కాదు. మమ్ము కన్న వంశపు తల్లికి పేరున్నది, ముఖము లేదు. ఆమె యెన్నడును చెన్నపట్టణము పోలేదు. ఆమె ఫొటో యెవరును తీయింపలేదు. ఈమెకు ముఖమున్నది, పేరు పుస్తకములో పడియున్నది. రెంటిని కలిపి చెప్పగల ప్రాణి మా మేనత్త యొక్కతెయే. ఆమెయు ఒకరడుగువరకు తనకు తెలిసినదని తానెఱుగదు.

మా ముత్తాతగారినిగూర్చి నాకు అప్పుడు కలిగిన భావము మీతో దాచను. ఊరి పొలములన్నింటికిని హద్దులు వ్రాసిన చేయి, భార్యపేరు ఆ పటము వెనుక వ్రాయుటకు రాలేదే యని కోపము వచ్చినది. ఇది ఆయన కాలపు దోషమని సరిపెట్టుకొందమన్నను కుదురదు. పదమూడవ శతాబ్దమున మన నెల్లూరిలోనే కేతన తన దశకుమారచరిత్రమును తిక్కనకు అంకితమిచ్చుచు, ఆయన తాత మంత్రి భాస్కరుని, భాస్కరుని కొమారులు నలుగురిని, తండ్రి కొమ్మనను, తల్లి అన్నమను గూడ చెప్పినాడు. ఆ పద్యములు లేకున్న తిక్కనగారి యింటి సంగతి నేడు మనకు మిగులునది చాల కొద్ది. ఖడ్గతిక్కన ఆయన పెదతండ్రి సిద్ధన కొమారుడని మనము చెప్పుకొనుచున్నామన్న, అది కృతులలో వంశము వ్రాయు మర్యాద చలువయే.

శాసనములలోను అంతే. 1905లో బటర్వర్తు, వేణుగోపాలశెట్టి అనువారు నెల్లూరుజిల్లా శాసనములను మూడు సంపుటములుగా ప్రకటించిరి. గుడికి దీపము పెట్టించినవాడు, చెఱువు త్రవ్వించినవాడు తన తల్లిదండ్రుల పుణ్యముకొఱకని వ్రాయించుట శాసనములలో పరిపాటి. మీ యూరి గుడియెదుటి రాతిమీద నేమున్నదో ఆ సంపుటములలో వెదకుడు. ఇనాము భూములు గల యిండ్లవారికి మరియొక యాధారమున్నది. 1858లో నేర్పడిన ఇనాము కమిషనువారు దానమెవరిచ్చిరి, ఎవరికిచ్చిరి, అప్పటికి అనుభవించుచున్నవా రెవరని విచారించి రిజిస్టరులలో నెక్కించిరి. అందు పురుషుల పేర్లే యధికము. అయినను ఉన్నంతవరకు గట్టివి.

ఇంతకంటె విడ్డూరమైన సంగతి యొకటి. 1860లో ట్రూరో అను ఓడ మద్రాసునుండి మనవారిని నేటాలునకు కొనిపోయినది. 1911 వరకు అట్లు కలకత్తా, మద్రాసు రేవులనుండి లక్షన్నరకు పైగా జనము కట్టుబడి కూలీలుగా ఆ దేశము చేరిరి. ఫిజీ దీవులకు మద్రాసునుండి ఓడలు 1903లో మొదలై 1916 వరకు నడచినవి. ఆ కూలీలయందు తెలుగువారెందరో. వారి పేరు, తండ్రి పేరు, జిల్లా, తాలూకా, గ్రామము, వయస్సు, దేహముమీది పుట్టుమచ్చలు ఓడ రిజిస్టరులలో వ్రాసిరి. మారిషస్సు దీవిలో ఒక కాలమునుండి ఫొటోలు కూడ తీసిరి; అవి యిప్పుడు మోకా పట్టణమున మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. తప్పించుకొని పోయినచో పట్టుకొనుటకై తీసిన పటములవి. దయతో తీసినవి కావు. అయినను వారి మునిమనుమలు వానిని చూచి, ఊరి పేరు చదువుకొని, మన జిల్లాలకు వెదకికొని వచ్చుచున్నారు. గుడిసె విడిచి ఓడ యెక్కిన నిరుపేద ఆడుదాని పేరు సముద్రమునకావల నిలిచినది. కరణముగారి భార్య పేరు కరణముగారి యింటనే కనుమఱుగైనది.

కోపమణగిన పిదప ఆ పటమును మరల చూచితిని. వారు చెన్నపట్టణము ఎట్లు పోయిరి? అప్పటికి రెండేండ్ల క్రిందట, 1899లో, మద్రాసునుండి బెజవాడకు రైలు నడిచినది. కాని మా మేనత్త విన్నదానిబట్టి వారు కాలువమీద ఉప్పుపడవలో పోయిరట. పడవలో నన్ని దినములు ప్రయాణము చేసి, భార్యను బిడ్డను వెంటబెట్టుకొని పోయి ఫొటో తీయించిన మనిషి ప్రేమలేనివాడు కాడు. అందరును బొమ్మలవలె బిగుసుకొని యున్నారు. ఆ కాలమున కదలిన ముఖము చెదరిపోవును. అందుచే ఫొటో తీయువాడు ఊపిరి బిగబట్టి నిలువుమనెడివాడు. ఆ బిగువును చూచి మన పెద్దలు నవ్వెఱుగని వారనుకొనుట పొరపాటు. ఆమె కుడిచేయి మాత్రము బాలుని భుజముమీద కొంచెము చెదరియున్నది. వాడు కదలుచుండగా నొక్కిపట్టి యుండును.

ఆ బాలుని సంగతి చెప్పవలసియున్నది. సవతితల్లి వచ్చిన కొన్నాళ్లకు వానిని మేనమామలు తీసికొనిపోయిరట. మరల వచ్చి, పదునైదు పదునారేండ్ల ప్రాయమున తండ్రితో మాటపట్టింపు వచ్చి, యిల్లు విడిచెనట. రంగూనునకు పోయెనని వాడుక. మా తాతగారు ఒకసారి కాలువగట్టున నిలిచి, "మా అన్న యీ నీటిమీదనే పోయెను," అనగా మా మేనత్త వినెను. 1942లో బర్మా జపానువారి వశమైనపుడు, అడవులు కొండలు నడిచి మనవారు వేలకువేలు తిరిగి వచ్చిరి గదా. రంగూనునుండి యెవడో వచ్చెనని వినిన చాలు, మా తాతగారు చెప్పులు తొడుగుకొని బయలుదేరెడివారట. ఎచ్చటికి పోవుచున్నదియు ఇంట చెప్పెడివారు కారు. సాయంకాలము వచ్చి కాళ్లు కడుగుకొని, మాటాడక భోజనమునకు కూర్చుండెడివారు.

మహాలయపు పుస్తకములో "జ్యేష్ఠభ్రాతరం" అని వ్రాసి, గోత్రము వ్రాసి, పేరు వ్రాయవలసినచోట రెండంగుళముల మేర విడిచియున్నారు. మొదట నాకది తెలియలేదు. తర్పణము మృతులకే గదా. అన్న జీవించియున్నాడో లేడో తెలియక, వార్త వచ్చిన దినమున వ్రాయుదమని ఆయన జాగా విడిచెను. వార్త రాలేదు. ఆయన పోయెను. ఆయనతో ఆ పేరును పోయెను. మా మేనత్తకు "పెదనాయన" అని తప్ప తెలియదు.

ఈ పనికి పూనుకొను పెద్దలకు, నా చేత చెడిపోయినది చూచి నేర్చుకొన్న మాట యొకటి రెండు. మా అమ్మమ్మ పటమొకటి యుండెడిది. ఉప్పుగాలికి అద్దము మసకబారినదని తడిగుడ్డతో తుడిచితిని. కాగితము అద్దమునకు కరచియున్నది. లాగగా ముఖము అద్దముమీదనే నిలిచి, చేతికి తెల్లని అట్ట వచ్చెను. కాబట్టి అంటుకొన్న పటమును లాగకుడు; అద్దముతోనే యుంచి దానికి మరియొక ఫొటో తీయింపుడు. సముద్రపు వైపు గోడకు తగిలింపకుడు. వెనుక వ్రాయునపుడు సిరా వద్దు, మెత్తని సీసపుకడ్డితో ఒత్తిపెట్టక వ్రాయుడు. ఎడమనుండి కుడికి ఎవరెవరో, ఎవరికేమగుదురో, ఏ యూరి ఆడపడుచో వ్రాయుడు. "మా తల్లి" అని వ్రాసిన చాలదు. వ్రాసినవాడెవడో ముందు తెలియవలెను గదా. పటము చూపి ఇతడెవరని ముసలమ్మలను సూటిగా నడిగిన తెలియదనియే చెప్పుదురు. ఆ నగ యెవరిది, ఆ చీర యెక్కడిది, ఆ బిడ్డ తరువాత ఎవరింట పెరిగెనని యడుగుడు. మా మేనత్తకు పటము చూచి కాక, బిళ్ల తలచికొని జ్ఞాపకము వచ్చినది.

మా మేనత్త 2009లో పోయెను. ఆమె పేరు నా పుస్తకములో చేరినది. సవతి ముత్తవ్వ పేరు పటము వెనుక నేనే వ్రాసితిని. కడచిన మహాలయ అమావాస్యనాడు పురోహితులు ఆ ఖాళీజాగా చూచి, "ఎంత దీర్ఘాయుష్మంతుడైనను ఈపాటికి ఉండడు గదా, పేరు తెలియనివారికి చెప్పుటకు మంత్రమున్నది, పూరింపవచ్చును," అనిరి. వారి మాట శాస్త్రమే. నా చేయి పోలేదు.

ఫొటో తీయించినవారు ఒక్క ప్రతితో నూరుకొనరు. పుట్టింటివారికొకటి పంపుట వాడుక. ఆమె పుట్టిల్లు గూడూరు ప్రాంతమని మాత్రము మా మేనత్త వినియున్నది. కనుక ఆ వైపు శ్రోతలకు నాదొక ప్రార్థన. మీ యింటగాని, మీ యెఱిగినవారి యింటగాని ఇట్టి పటమున్నదేమో చూడుడు. కుర్చీలో తలపాగాతో, ఎడమచేత కఱ్ఱ పట్టుకొన్న సన్నని మనిషి. వెనుక గోడకు స్తంభములును పూలతీగెలును వ్రాసిన తెర. కుడివైపున నిలుచున్న యిల్లాలు. ముక్కున బేసరి, నడుమున వడ్డాణము, చెదరిన కుడిచేయి. ముందు చొక్కాయి బొత్తాములన్నియు పెట్టుకొని, కాళ్లకు చెప్పులులేని బాలుడు. వాని చేత మూసిన గొడుగొకటి యున్నది. అది వానికంటె పొడవు. అట్టిది కనబడినచో, మేకులు మెల్లగా తీసి వెనుక చూడుడు. ఆ బాలుని పేరు అచ్చట వ్రాసియుండవచ్చును.